సాగర్ గేట్లు ఎత్తారట, పిల్లలతో వెళ్తున్నాం: డ్యాం దగ్గర ఎక్కడ నిలబడాలి, ఎక్కడ దిగకూడదు?

మల్లిక_ఇద్దరుపిల్లలు | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారమండీ. ఈ శనివారం నాగార్జునసాగర్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పదకొండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, మా అత్తయ్యగారు. గేట్లు ఎత్తినప్పుడు చూడాలని పిల్లలకి రెండేళ్ళుగా కోరిక. ప్రతిసారీ మేం బయల్దేరేసరికి దించేస్తున్నారు.

మూడు సందేహాలు. గేట్లు బాగా కనిపించేలా, పిల్లలతో భయం లేకుండా నిలబడే చోటేది? డ్యాం దిగువన ఘాట్‌లో పిల్లల్ని స్నానానికి దింపొచ్చా? మూడోది, "సాగర్ డ్యాంకి పగుళ్ళు, నీళ్ళు కారుతున్నాయి" అంటూ వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. అది చూసినప్పటి నుంచి మా అత్తయ్య రానంటే రానంటున్నారు. లాంచీలో నాగార్జునకొండ వెళ్ళే ఆలోచన కూడా ఉంది. వరదప్పుడు నడుపుతారా?

పల్నాటి_పిల్లోడు | సోమవారం, 8:15

అక్కా, నిశ్చింతగా రండి. మేం పుట్టి పెరిగింది ఆ నీళ్ళ పక్కనే. గేట్లు ఎత్తితే తుంపర్లు కొత్త బ్రిడ్జి దాకా కొడతాయి, పిల్లలు జన్మలో మర్చిపోరు. ఒకవేళ మీరొచ్చేసరికి దించేశారనుకోండి, ఇంకా మంచిది. దిగువన బండలు బయటపడతాయి. నీళ్ళు మోకాలి లోతు, అద్దంలా ఉంటాయి. మేం చిన్నప్పుడు సెలవులన్నీ ఆ బండల మీదే గడిపాం. వంట కూడా అక్కడే చేసుకునేవాళ్ళం.

విశ్రాంత_డీఈ | సోమవారం, 9:50

మల్లిక గారూ, నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో సగం రోజులు డ్యాంల మీదే. మీ అత్తయ్యగారి భయంతో మొదలుపెడతాను. ఆవిడది అనవసరమైన భయం కాదు. కానీ ఆ వీడియో చూసి పడాల్సింది కాదు.

సాగర్ డ్యాం రాతికట్టడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ పన్నెండేళ్ళూ కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టిందే అది. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు. ఇలాంటి డ్యాం నీటిని ఆపేది తన బరువుతో. వెనక నీళ్ళు ఎంత తోసినా కదలనంత, బోర్లాపడనంత బరువు ఉండేలా లెక్కగట్టి కడతారు.

ఇక నీళ్ళు కారడం గురించి. రాతి డ్యాంలో ఊట ఉంటుంది, ఉండాలి కూడా. డ్యాం లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా మనిషి నడిచే సొరంగాలుంటాయి. గ్యాలరీలంటాం. పునాది కింద చేరిన నీరు డ్యాంని పైకి ఎత్తకుండా రంధ్రాలు వేసి ఆ నీటిని గ్యాలరీలోకి వదులుతారు. లోపలికి వెళ్తే చల్లగా, గోడలు చెమ్మగా, కాలి పక్కన చిన్న కాలువలో నీళ్ళు పారుతూ ఉంటాయి. ఆ కాలువ చివర వి ఆకారంలో కోసిన పలక ఉంటుంది. దాని మీదుగా ఎంత ఎత్తున నీళ్ళు దూకుతున్నాయో చూసి రిజిస్టర్‌లో రాస్తాం. మాకు భయం వేసేది నీళ్ళు కారినప్పుడు కాదు. జలాశయం మట్టం మారకుండానే ఊట ఒక్కసారిగా పెరిగినా, తేటగా వచ్చే నీరు మట్టి రంగుకి తిరిగినా ఆ రాత్రి నిద్ర ఉండదు. ఉన్నట్టుండి ఊట ఆగిపోయినా అనుమానించాల్సిందే, రంధ్రాలు సున్నం కట్టి మూసుకుపోయాయేమోనని.

సాగర్‌కి ఇరువైపులా మూడు కిలోమీటర్లకు పైగా మట్టికట్టలున్నాయి. జనం కళ్ళన్నీ మధ్యనున్న 26 గేట్ల మీదే ఉంటాయి కానీ, మట్టికట్టల మీద మొలిచిన చెట్లు, ఎలుకలు తవ్విన బొరియలు, దిగువ వాలులో పచ్చగా తడిసిన మచ్చలు, ఇవీ మేం నడిచి నడిచి వెతికేవి.

పల్నాటి పిల్లోడు గారూ, బండల మీదకి వెళ్ళమన్న సలహా మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి.

టర్బైన్_హాల్ | సోమవారం, 11:20

డీఈ గారు ఆపిన చోట నుంచి నేనందుకుంటాను. నేను జలవిద్యుత్ కేంద్రంలో ఆపరేటర్‌గా చేశాను. ఏ కేంద్రమో ఇక్కడ అవసరం లేదు, పని అన్నిచోట్లా ఒకటే.

గేట్లు ఎత్తినప్పుడు దిగువన ఎవరూ దిగరండీ, ఆ హోరు వింటేనే దిగబుద్ధి కాదు. మనుషులు పోయేది గేట్లు దించాక. ఎండగా ఉంటుంది, ఆకాశంలో మబ్బుండదు, నది బండల మధ్య సన్నగా పారుతుంటుంది. ఆ సమయంలో లోడ్ డిస్పాచ్ సెంటర్ (ఏ కేంద్రం ఎంత కరెంటు తీయాలో చెప్పే కార్యాలయం) నుంచి మాకు ఫోన్ వస్తుంది: "రెండు మిషన్లు ఎక్కించండి." ఎక్కడో థర్మల్ యూనిట్ ట్రిప్ అయి, అంటే ఉన్నట్టుండి ఆగిపోయి ఉండొచ్చు, సాయంత్రం వాడకం పెరిగి ఉండొచ్చు. థర్మల్ కేంద్రం వేడెక్కడానికి గంటలు పడుతుంది. జలవిద్యుత్‌కి నిమిషాలు చాలు. టర్బైన్‌లోకి నీళ్ళు వదిలే రెక్కలు (గైడ్ వేన్లు) తెరుచుకుంటాయి, టర్బైన్ తిరుగుతుంది, గ్రిడ్‌తో జత కలిపి లోడ్ ఎక్కిస్తాం. గ్రిడ్‌కి మా విలువంతా ఆ వేగంలోనే ఉంది. కింద బండ మీద కూర్చున్న మనిషికి ప్రమాదం కూడా ఆ వేగమే.

లెక్క చెబుతాను. సాగర్ ప్రధాన కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్లవి ఏడు. ఒక్క యూనిట్ నిండు లోడ్ మీద తిరిగితే నాలుగు వేల క్యూసెక్కులకు అటూఇటుగా నీళ్ళు కావాలి. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. అంటే ఒక్క మిషన్ నుంచే సెకనుకు లక్ష లీటర్లకు పైన నదిలోకి వచ్చి పడతాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు. అన్నీ నడిస్తే 35 వేల క్యూసెక్కులు దాటుతుంది. ఈ నీళ్ళకి గేటు ఎత్తక్కర్లేదు. డ్యాం మీద నుంచి ఏమీ కనిపించదు. టర్బైన్ కింద నీళ్ళు బయటికి పోయే గొట్టాల్లోంచి, అంటే డ్రాఫ్ట్ ట్యూబుల్లోంచి అడుగున వస్తాయి.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో జరిగింది మన తెలుగువాళ్ళం మర్చిపోగలమా? హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్ళిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు, వాళ్ళతో ఉన్న మరొకరు కొట్టుకుపోయారు. ఫోటోలు దిగడానికి నదిలో బండల మీద నిలబడ్డారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు. అక్కడ వర్షం లేదు, వరద లేదు. మీరు చెప్పిన అద్దం లాంటి మోకాలి లోతు నీళ్ళే, తమ్ముడూ.

పల్నాటి_పిల్లోడు | సోమవారం, 12:05

సార్, ఆ వార్త నాకూ గుర్తుంది. కానీ మా దగ్గర సైరన్ మోగుతుంది కదా? మోగాక లేచి వచ్చేయొచ్చు. మేమంతా అలాగే చేశాం.

లలిత_తెనాలి | సోమవారం, 2:30

బాబూ, సైరన్ గురించి నేను చెప్తాను.

పదిహేనేళ్ళ కిందట మేం బంధువులం అందరం కలిసి ఒక ప్రాజెక్టు దగ్గరికి వెళ్ళాం. పేరు రాయను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగపిల్లలు నదిలోకి దిగారు. మా పిన్ని కొడుకు ఒడ్డు నుంచి ముప్పై అడుగుల దూరంలో ఉన్న బండ మీదకి వెళ్ళి కూర్చున్నాడు. సైరన్ మోగలేదు. మోగిందని ప్రాజెక్టువాళ్ళన్నారు, మేమెవరం వినలేదు. దగ్గర్లో ఎవరో పెద్ద స్పీకర్లు పెట్టుకుని పాటలు వింటున్నారు, అందుకే వినబడలేదేమో, ఇప్పటికీ నాకు తేలని ప్రశ్న అది.

నేను చూసింది ఇది. వాడు కూర్చున్న బండకీ ఒడ్డుకీ మధ్య అంతకుముందు చెప్పులు తడవకుండా నడిచిన చోట నీళ్ళు పారడం మొదలైంది. బండ మునగలేదు. వాడి కాళ్ళ దగ్గర ఏమీ మారలేదు. మారింది వాడి వెనక. వాడు మా వైపు చెయ్యి ఊపుతున్నాడు, మేం కేకలేస్తుంటే పిలుస్తున్నామనుకుని నవ్వుతున్నాడు. తిరిగి చూసుకునేసరికి నడుము లోతు అయింది. దాటబోయి జారాడు.

దేవుడి దయ, కిందనున్న జాలరి ఒకాయన పుట్టి వేసుకుని వచ్చి జుట్టు పట్టి లాగాడు. బతికాడు. ఎడమచెయ్యి మాత్రం మునుపటిలా రాలేదు.

సైరన్ మోగితే లేచి వచ్చేయొచ్చు అనుకోకు నాన్నా. రావాల్సిన దారే ముందు మునుగుతుంది.

పల్నాటి_పిల్లోడు | సోమవారం, 2:52

అమ్మా, చదివాక చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. బండల మాట వెనక్కి తీసుకుంటున్నాను. మల్లికక్కా, దిగొద్దు.

సోమశిల_శంకర్ | సోమవారం, 6:10

అందరు కింది దిక్కు గురించే మాట్లాడుతున్నరు. డ్యాంకు మీది దిక్కు సంగతి నేను చెప్త. మాది శ్రీశైలం బ్యాక్ వాటర్. మా నాయిన చేపలు పడ్తుండె, ఇప్పుడు మా అన్న పడ్తున్నడు.

డ్యాం కట్టినప్పుడు వందకు పైగా ఊళ్ళు మునిగినయ్. ఊళ్ళు మునిగినయంటే ఇండ్ల గోడలు, బాయిలు, తుమ్మచెట్లు, గుడి మెట్లు అన్నీ అట్లనే నీళ్ళ కింద ఉన్నయ్. నీళ్ళు నిండుగ ఉన్నప్పుడు మీద తెల్వది. తగ్గుతుంటే ఒక్కొక్కటి పైకొస్తయ్. సంగమేశ్వరం గుడి ఎండకాలం బయటపడ్డప్పుడు మీరు పోయి మొక్కుతరు గదా, మిగతా రోజులంత అది నీళ్ళల్ల ఉన్న గుడే. దాని మీదికెల్లి పడవలు పోతయ్.

మా నాయిన వల ఇసిరేటప్పుడు ఒడ్డున ఉన్న కొండ, దూరంగ ఉన్న చెట్టు, రెండు ఒక్క గీత మీదికి రాంగ చూసి చెప్తుండె: "ఇది పాత కచ్చీరు, ఇక్కడ వల దిగనియ్యొద్దు, గోడకు తట్టుకుంటది." మనిషి కాలు గూడ అట్లనే తట్టుకుంటది. పట్నం పోరగాళ్ళు వచ్చి నీళ్ళు నిలకడగ ఉన్నయని దుంకుతరు. నిలకడగ ఉన్న నీళ్ళ కింద ఏమున్నదో ఎవనికి ఎరుక?

ఇంగొకటి. నీళ్ళు తగ్గినంక ఒడ్డున మట్టి పైన ఎండి పగుళ్ళు వారి గట్టిగ కనబడ్తది. అడుగు పెడ్తే తొడ దాక దిగుతది. బర్రెలు దిగబడి సచ్చినయ్, నేను చూసిన. మొసళ్ళు గూడ ఉన్నయ్ మా దగ్గర. పొద్దుగూకినంక ఒడ్డున కూసోవద్దు.

విశ్రాంత_డీఈ | సోమవారం, 8:40

శంకర్ గారూ, మీ నాన్నగారి ఆ కొండా చెట్టూ లెక్క మా సర్వే పటాల కన్నా నమ్మకమైనది. ఆ మట్టి గురించి చెప్పి మంచిపని చేశారు. అది పూడిక. నది తెచ్చిన ఒండ్రు జలాశయంలో నీటి వేగం తగ్గగానే అడుక్కి చేరుతుంది. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పట్టేది, ఇప్పుడు 215 చిల్లర. సాగర్ 408 నుంచి 312కి వచ్చింది. రెండిట్లో కలిపి దాదాపు 190 టీఎంసీల చోటు మట్టికి ఇచ్చేశాం.

తెడ్డు_తేజ | సోమవారం, 10:05

అందరి మాటా గౌరవిస్తూనే ఒకటి అడుగుతాను. నేను కయాకింగ్ చేస్తాను, కొత్తవాళ్ళకి నేర్పిస్తాను. మన దగ్గర ఇంత పెద్ద జలాశయాలున్నాయి. చుట్టూ నల్లమల కొండలు, తెల్లారేసరికి నీళ్ళ మీద పొగమంచు, ఒక్క అల ఉండదు. వీటి పక్కన పుట్టిన పిల్లలకి ఈత రాదు, తెడ్డు పట్టడం రాదు. ఎందుకంటే ప్రతి ఒడ్డునా ఒకటే బోర్డు: "ప్రమాదం, దిగరాదు." ఆ బోర్డు పెట్టేసి చేతులు దులుపుకుంటున్నాం. జనం ఎలాగూ దిగుతూనే ఉన్నారు. నేర్పించకుండా, చోటు చూపించకుండా దిగొద్దంటే దొంగచాటుగా, ఎవరూ చూడని చోట దిగుతారు. మునిగితే తీసేవాడు కూడా ఉండడు.

తాళ్ళు కట్టి హద్దు చూపించి, లోతు కొలిచి, లైఫ్ గార్డును పెట్టి, ఫలానా చోట దిగండి అంటే సగం ప్రాణాలు దక్కుతాయి. జలాశయం విద్యుత్తుకీ సాగుకీ మాత్రమే కాదు, పక్కనున్న మనుషులకి కూడా.

టర్బైన్_హాల్ | మంగళవారం, 6:55

తేజా, నువ్వన్నదానితో నాకు విభేదం లేదు. కానీ ఆ చోటు ఎక్కడ ఉండాలో మాలాంటి వాళ్ళని కూడా అడగాలి. ఇన్‌టేక్ దగ్గర, అంటే డ్యాంలోంచి మిషన్లకి నీళ్ళు పోయే చోట, నీళ్ళు పైకి నిద్రపోతున్నట్టుంటాయి. కింద మిషన్లు లాగుతుంటాయి. చెత్త లోపలికి పోకుండా ఇనుప చువ్వల తెరలుంటాయి, ట్రాష్ రాక్‌లంటాం. వాటికి దుంగలు అతుక్కుంటే క్రేన్ పెట్టి పీకాల్సి వచ్చేది. మనిషి అతుక్కుంటే అంతే. అందుకే డ్యాం ముందు తేలే డ్రమ్ముల వరస కడతారు. ఆ వరస దాటి లోపలికి వచ్చే పడవ ఏదైనా సరే, ఎంత అనుభవమున్నవాడు నడిపినా సరే, వెనక్కి పంపాలి.

ఇంకోటి, సాగర్‌లో ఆ 100.8 మెగావాట్లవి ఏడూ, శ్రీశైలం ఎడమగట్టులో ఆరూ రివర్సిబుల్ యూనిట్లు. పగలు దింపిన నీటిని కరెంటు మిగిలినప్పుడు కింద నుంచి పైకి తోడతాయి. అంటే డ్రాఫ్ట్ ట్యూబు దగ్గర ఒకప్పుడు నీళ్ళు బయటికి తోస్తాయి, ఒకప్పుడు లోపలికి లాగుతాయి. దిగువ ఒడ్డున గాలం వేసుకుని కూర్చునేవాళ్ళకి ఇది తెలియదు.

నల్లమల_నడక | మంగళవారం, 7:30

తేజ గారి మాటకి చిన్న చేర్పు. శ్రీశైలం జలాశయానికి అటూ ఇటూ పులుల అభయారణ్యం. నీళ్ళ దగ్గరికి జంతువులు వచ్చేది ఉదయం, సాయంత్రమే. ఇంజిన్ బోట్ల కన్నా తెడ్డు పడవలే నయం, కానీ ఎక్కడపడితే అక్కడ ఒడ్డుకి చేర్చి గుడారాలు వేయడం కుదరదు. అటవీ శాఖ అనుమతి లేకుండా దిగొద్దు.

కొత్తగా_చేరాను | మంగళవారం, 9:15

డీఈ గారూ, మీరు డ్యాం బలంగా ఉందన్నారు. 2009లో శ్రీశైలం తెగిపోతుందని మా కర్నూలంతా వణికిపోయింది. మా ఇంట్లో నీళ్ళు మొదటి అంతస్తు దాకా వచ్చాయి. 2024లో తుంగభద్ర గేటు కొట్టుకుపోయింది. మరి భయపడొద్దంటే ఎలా?

విశ్రాంత_డీఈ | మంగళవారం, 11:40

న్యాయమైన ప్రశ్న.

2009 అక్టోబరు మొదటివారంలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. డ్యాం స్పిల్‌వే, అంటే గేట్లుండి వరద నీరు దాటిపోయే భాగం, అంత వరదకి కట్టింది కాదు. జలాశయం అప్పటికే దాదాపు నిండి ఉంది. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగాయి. నిండు మట్టం 885 అడుగులైతే, నీరు దానికి పైన ఇంకా 11 అడుగులు లేచింది. 12 గేట్లూ ఎత్తి, నీళ్ళు ఎటు తిరుగుతాయోనని చూస్తూ నిలబడ్డ రోజులవి. డ్యాం నిలబడింది. ఎగువన కర్నూలు, అలంపూర్, మంత్రాలయం మునిగాయి. మీ ఇల్లు మునిగిందంటే నాకు గుండె బరువెక్కింది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. శ్రీశైలం దగ్గర పాతిక లక్షలు దాటిన ఆ వరద ప్రకాశం బ్యారేజీకి చేరేసరికి 11 లక్షల పైచిలుకు అయింది. నడుమ శ్రీశైలం, సాగర్ రెండు డ్యాంలూ పట్టి నిదానంగా వదలబట్టే విజయవాడ మిగిలింది. ఇందాక చెప్పిన పూడిక మాట ఇక్కడే గుర్తుచేసుకోవాలి. అలా పట్టి ఉంచడానికి చోటు ఏటా తరుగుతోంది.

తుంగభద్ర సంగతి వేరు. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. కట్టడానికి ఏమీ కాలేదు. గేటు, గొలుసు, రబ్బరు సీలు, మోటారు, ఇవన్నీ అరిగిపోయే సరుకు. డ్యాం వందేళ్ళు ఉంటుంది, గొలుసు ఉండదు. ఆ ప్రవాహంలోనే, నీటిని పూర్తిగా ఖాళీ చేయకుండా, గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో ఇనుప స్టాప్‌లాగ్‌లు (గేటు చోట నీటిని ఆపే పలకలు) ఒకదాని మీద ఒకటి దింపి వారంలో ఆపారు. అక్కడ పనిచేసిన వెల్డర్లకి, క్రేన్ ఆపరేటర్లకి చేతులెత్తి దండం పెట్టాలి.

నా బాధ ఇదే. కాంక్రీటుకి డబ్బు దొరుకుతుంది, గ్రీజుకి దొరకదు. గేటు ఎత్తే రోజు కెమెరాలు వస్తాయి. ఏప్రిల్ ఎండలో గేటు మీదకెక్కి తీగతాళ్ళకి గ్రీజు పట్టించే లస్కర్‌ని ఎవరూ చూడరు. ఖాళీ అయిన పోస్టులు నింపరు. శ్రీశైలంలో గేట్ల నీరు పడిపడి దిగువన పెద్ద గొయ్యి పడింది. దాన్ని సరిచేయమని నిపుణులు చెబుతూనే ఉన్నారు. 2021లో డ్యాం భద్రతా చట్టం వచ్చింది. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ తప్పనిసరి చేసింది. డ్యాం తెగితే ఏ ఊరికి ఎన్ని గంటల్లో నీరు చేరుతుంది, ఎవరు ఎవరికి చెప్పాలి, జనం ఎటు పోవాలి, ఆ ప్రణాళిక ప్రతి పెద్ద డ్యాంకీ ఉండాలంది. మీ ఊరు నది పక్కనుంటే పంచాయతీలో అడగండి, మా ఊరికి ఆ పటం ఉందా అని. అడిగేవాళ్ళుంటేనే అది బీరువాలోంచి బయటికొస్తుంది.

టర్బైన్_హాల్ | మంగళవారం, 12:20

గ్రీజు మాటకి నా సంతకం కూడా. భద్రత అంటే బయటివాళ్ళ ప్రాణాలే కాదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. అందులో ఇంజినీర్లు ఉన్నారు. కొండ లోపల పొగ కమ్మితే ఎటు చూసినా చీకటే. ఆ తేదీ వచ్చిందంటే మా పాత బ్యాచ్ అంతా ఒకరికొకరు ఫోన్ చేసుకుంటాం.

నిర్వాహకులు | మంగళవారం, 1:00

రెండు పోస్టులు తొలగించాం. రెండు రాష్ట్రాల నీటి వాటాల మీద వాదనకి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ మల్లిక గారి ప్రశ్నలకి మిగిలిన జవాబు లాంచీ గురించి.

లాంచీస్టేషన్ | మంగళవారం, 4:45

లాంచీ సంగతి నేను చెప్తానండీ, మా ఇంట్లో రెండు తరాలు లాంచీ మీదే బతికాం. నాగార్జునకొండకి పోయే దారి డ్యాం ఎగువన, కాబట్టి గేట్ల నీళ్ళకీ దానికీ సంబంధం లేదు. అయినా వరద ఉధృతంగా ఉన్నా, గాలి లేచినా ఆపేస్తారు. ఆపితే గొడవ పడకండి. జలాశయం మీద గాలి లేస్తే సముద్రంలా కెరటాలు వస్తాయి, నడిమధ్యలో దాక్కునే చోటుండదు. శుక్రవారం మ్యూజియం సెలవు, మీరు శనివారం అంటున్నారు కనుక ఇబ్బంది లేదు.

ఎక్కాక లైఫ్ జాకెట్ పాపకి మీరే కట్టండి. కట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది పెద్దవాళ్ళది. నీళ్ళల్లో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది. చిన్నది అడగండి, లేదంటే దిగిపోండి. పడవ కదిలాక ఉక్కపోస్తోందని విప్పేస్తారు చూడండి, అది వద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు బతికి బయటపడ్డవాళ్ళలో ఎక్కువ మంది జాకెట్ వేసుకున్నవాళ్ళే. ఫోటో కోసం అందరూ ఒకే పక్కకి పోవద్దు. సరంగు అరిస్తే కోపగించుకోకండి, ఆయన బరువు చూసుకుంటున్నాడు.

కొండ మీద చూడాల్సింది చాలా ఉంది. నీళ్ళు నిండకముందు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, ఇక్ష్వాకుల కాలపు విహారాలు, స్తూపాలు తెచ్చి కొండ మీద తిరిగి కట్టారు. కొన్నిటిని ఒడ్డున అనుపులో కట్టారు. అనుపులో రంగస్థలం ఉంది, మెట్ల మీద కూర్చోబెట్టి పిల్లలకి చెప్పండి, అడుగున ఒక నగరం ఉండేదని.

విశ్రాంత_డీఈ | మంగళవారం, 7:10

మల్లిక గారికి చివరిగా. గేట్లు చూడటానికి పోలీసులు నిలబెట్టే చోటే మంచి చోటు. పిట్టగోడ మీదకి పిల్లల్ని ఎత్తకండి, తుంపర్లకి అది నాచు పట్టి జారుతుంది. కారు రోడ్డు మీద వంతెన మధ్యలో ఆపకండి. అంబులెన్స్ వెళ్ళలేని పరిస్థితి ఏటా చూస్తున్నాం. కాలువ గట్టు మీద కూర్చుని భోజనం చేయకండి. కాలువ లైనింగు వాలుగా, నున్నగా ఉంటుంది. పడితే ఈతొచ్చినవాడికి కూడా పట్టు దొరకదు.

ఘాట్ దగ్గర ఒక చిన్న పని చేయండి. దిగేముందు మెట్లు చూడండి. నీటికి పైన మెట్ల మీద తడి చార ఎంత ఎత్తుందో చూస్తే కాసేపటి కిందట నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో తెలుస్తుంది.

మల్లిక_ఇద్దరుపిల్లలు | ఆదివారం, రాత్రి 9:30

అందరికీ వెళ్ళొచ్చిన కబురు చెప్పాలి.

అత్తయ్య వచ్చారండీ. డీఈ గారు గ్యాలరీ గురించి రాసింది మొత్తం చదివి వినిపించాను. "అయితే దానికీ చెమట పడుతుందన్నమాట" అని బయల్దేరారు.

మేం వెళ్ళేసరికి ఇన్‌ఫ్లో తగ్గి గేట్లన్నీ దించేశారు. బాబు ముఖం వాడిపోయింది. లాంచీ నడిచింది. పాపకి ఇచ్చిన జాకెట్ లాగి చూస్తే నిజంగానే చెవుల దాకా వచ్చింది. అడిగితే లోపల నుంచి చిన్నది తెచ్చి ఇచ్చారు. మమ్మల్ని చూసి ఇంకో ఇద్దరు తల్లులు కూడా మార్పించుకున్నారు.

సాయంత్రం దిగువ ఘాట్‌కి వెళ్ళాం. పల్నాటి తమ్ముడు చెప్పినట్టే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. దూరంగా బండల మీద పదిమంది కుర్రాళ్ళు. తడి చార చూశాను, నీటికి పైన మూడు మెట్ల దాకా ఉంది. అందుకని దిగలేదు. అత్తయ్య చెంబుతో ముంచుకుని పిల్లల తల మీద పోశారు. బాబు ఊరుకోక ఒక తెల్లరాయి తెచ్చి నీటి అంచున మెట్టు మీద పెట్టి పక్కన కూర్చున్నాడు.

సైరన్ మాకు వినబడింది, సన్నగా. బండల మీద ఉన్నవాళ్ళకి వినబడినట్టు లేదు. మా ఆయన, ఇంకో నలుగురు పైనుంచి కేకలేసి, తువ్వాళ్ళు ఊపితే లేచి వచ్చారు. వాళ్ళలో ఆఖరి అబ్బాయి ఒడ్డుకి చేరేసరికి ప్యాంటు మోకాళ్ళ పైదాకా తడిసింది. ఏమీ అనకుండా కూర్చుని చెప్పులు పిండుకున్నాడు.

బాబు రాయి కోసం చూస్తే కనబడలేదు. దాని పైమెట్టు కూడా మునిగింది. వాడు వాచీ చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు: 5:10కి పెట్టాను, 5:45కి లేదు.